జీడి మరక కాదు

మా వైపు ఆడవాళ్ళ గోళ్ళు నల్లగా ఉంటే ఎందుకని ఎవరూ అడగరు. జీడిపిక్కలు కొట్టే షెడ్డులో అందరి చేతులదీ ఒకటే రంగు. బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా తొక్కలోని జీడి పూర్తిగా వదలదు. మా అత్త ఆ షెడ్డులోనే ముసలిదైంది. నేనూ పదకొండేళ్ళుగా ఆ పనే చేస్తున్నాను. అందుకే కుడి బొటనవేలి గోరు మీద నిలువుగా నల్లగీత పడితే మరకే అనుకున్నాను.

కూతురి పురుడని ఆర్నెల్లు పనికి పోలేదు. మరకలన్నీ గోళ్ళతో పాటే పెరిగి, కత్తిరింపుల్లో పోయాయి. తొమ్మిది గోళ్ళు శుభ్రపడ్డాయి. పదోది మొండికేసింది. గీత మొదట్లోంచే పుట్టుకొస్తోంది, వెడల్పవుతోంది. నలుపు పక్కనున్న చర్మం మీదికి కూడా పాకింది.

డాక్టరుకు చూపించుకుంటానన్నాను.

“గోటికి కూడా డాక్టరు ఏటే? జీడి సచ్చినా వదల్దు. నలుగురూ నవ్వుతారు” అంది అత్త.

నాకు ఒళ్ళు మండింది. “తొమ్మిదింటికి పోయిన మరక దీనికే ఎందుకుండిపోతాది? నవ్వనీ. నానెల్తన్నాను” అన్నాను. ఒక్కదాన్నే శ్రీకాకుళం బస్సెక్కాను.

చర్మం డాక్టరమ్మ నవ్వలేదు. దెబ్బేమైనా తగిలిందా అని అడిగింది. లేదన్నాను. “దెబ్బ నలుపైతే గోరుతో పాటు ముందుకు జరిగి పోతుంది. గోరు పసుపెక్కి మందమైతే చాలాసార్లు ఫంగస్. గీతలన్నీ చెడ్డవి కావు. కానీ ఇలా కొత్తగా పుట్టి, వెడల్పై, చర్మం మీదికి పాకితే మాత్రం ఆగకూడదమ్మా” అంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

క్యాన్సరని తేలింది. భయపడ్డాను, అబద్ధమెందుకు? ఇంకా లోతుకు దిగలేదు, గోరూ దాని కింది కండా తీసేస్తే వేలు నిలుస్తుందన్నారు. తీయించుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోలేదు.

మళ్ళీ షెడ్డుకు పోతున్నాను. గోరులేని వేలిని కొంగుచాటున దాచుకోమని కొందరి సలహా. దాచను. అది నా వేలు, నేను నిలుపుకున్న వేలు. ఎవరడిగినా ఎత్తి చూపిస్తాను, “మీవీ తోముకుని సూసుకోండే” అంటాను.

మొన్న ఆదివారం అత్త నూతి దగ్గర కూర్చుని చాలాసేపు సబ్బుతో చేతులు తోముకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి పది వేళ్ళూ చాపింది.

“నవ్వకే. ఓపాలి సూడు” అంది.

నేను నవ్వలేదు. ఎండలో కూర్చోబెట్టి ఒక్కో వేలూ పట్టుకుని చూశాను.