ఆరో తేదీన వచ్చేవాళ్ళు

మోత్రియమ్మ గెలిచిన తగువు నేను కళ్ళారా చూశాను. వాళ్ళ ఉక్రెయిన్ చర్చి వెనక హాల్లో, ఒక శనివారం, అందరి చేతులూ పిండిలో ఉండగా. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ ఆడవాళ్ళు వారం వారం అక్కడ చేరి, మన కజ్జికాయల్లాంటివే బంగాళదుంప కూరి చేసి, అమ్మి, ఆ డబ్బు అక్కడి తమవాళ్ళకి పంపేవారు. మెల్బోర్న్ శివారు వెర్రిబీలో మోత్రియమ్మది మా పక్కిల్లు. కంచె మీంచి నా చేతి పని చూసి నన్నూ తీసుకుపోయేది. నా అంత సన్నగా అంచు మడవడం అక్కడ ఒక్కరికీ రాదు. ఉన్న మాటే చెబుతున్నాను.

పేచీ వచ్చింది తేదీ గురించి. క్రిస్మస్ ముందు రాత్రి పెద్ద భోజనం వాళ్ళకి తరతరాలుగా జనవరి ఆరున. అది రష్యా చర్చి పాటించే లెక్క. ఆ లెక్క ఇక మనకొద్దు, డిసెంబరు ఇరవైనాలుగుకి మార్చుకుందాం అని కొందరన్నారు. పెట్రో అనే ముసలాయన బల్ల గుద్దాడు. ఇక్కడ పుట్టిన పిల్లలకి అర్థం కావాలని అందరూ ఇంగ్లీషులోనే తిట్టుకున్నారు కాబట్టి నాకూ అందింది.

"మా నాన్న ఆరునే తిన్నాడు. నేనూ ఆరునే తింటా."

"మీ నాన్న గుర్రబ్బండెక్కి చర్చికి పోయాడు. నువ్వు టొయోటాలో ఎందుకొచ్చావు?" అంది మోత్రియమ్మ.

"నువ్వు మాత్రం? పోయినేడు దాకా ఆరునే తిన్నావుగా!"

"తిన్నా. ఎనభై ఐదేళ్ళు వాళ్ళు చెప్పినప్పుడే ఆకలేసింది నాకు. ఇక చాలు. మాస్కోలో గంట కొడితే మెల్బోర్న్‌లో నీకు నోరూరుతుందా, పెట్రో? ఈ పిల్లల ముందు చెప్పు."

అందరూ గొల్లుమన్నారు. చేతులెత్తమంటే పెట్రో చెయ్యి ఒక్కటే కిందుంది. "నా ఇంట్లో ఆరో తేదీ ఇక లేదు" అని ఆవిడ నిలబడి మాటిచ్చింది.

ఆవిడ పుట్టింది పొల్టావా దగ్గర పల్లెలో. ఆవిడ పుట్టడానికి అయిదేళ్ళ ముందు, మాస్కో ప్రభుత్వం పల్లెల్లో గింజ మిగల్చకుండా ఊడ్చుకుపోయిన ఏడాది, అన్న ఇవాస్, అక్క ఒలియా ఆకలికి పోయారు. ఒకడికి ఆరేళ్ళు, ఒకత్తికి నాలుగు. తర్వాత పెద్ద యుద్ధంలో జర్మన్లు తల్లిని కూలికి ఈడ్చుకుపోతే మోత్రియమ్మ ఆవిడ పావడా పట్టుకుని పోయింది. యుద్ధం ముగిశాక రష్యా అధికారులు వాళ్ళున్న శిబిరానికి వచ్చి "ఇంటికి పదండి" అన్నారు. తల్లి తాము పోలండువాళ్ళమని అబద్ధమాడింది. కూతురు నోరు జారకుండా నోట్లో రొట్టె కుక్కింది. అలా తప్పించుకుని ఓడెక్కి ఇక్కడికి వచ్చారు. వస్తే, అల్లికల మిల్లులో అందరూ ఆవిణ్ణి "రష్యన్ మేరీ" అన్నారు.

"కాదని రోజూ చెప్పేదాన్ని, కలా. ముప్ఫై ఏళ్ళు. ఆ పనికే జీతమిచ్చారనుకో" అనేది. కళావతి అనే నా పేరు ఆవిడ నోట్లో అలా అయింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు.

కొత్త తేదీన మొదటి భోజనానికి నన్ను పిలిచింది. ఇక్కడ డిసెంబరంటే ఎండాకాలం, గోడలు కాలుతున్నాయి. ఉడికించిన గోధుమల్లో తేనె, గసగసాలు కలిపి గిన్నెలో పెట్టింది. పక్కన రెండు చిన్న చెంచాలు. నేను కూర్చోబోతే చెయ్యి పట్టుకుంది.

"ముందు కుర్చీ మీద ఊదు. ఎవరైనా కూర్చుని ఉంటే లేస్తారు."

ఊదాను. ఆ గిన్నె తెల్లవార్లూ బల్ల మీదే ఉంచుతారు, పోయినవాళ్ళు వచ్చి తింటారని. పొద్దున్నకి ఏటా చెంచా కదిలి ఉండేదట.

మర్నాడు వెళ్ళి చూశాను. చెంచాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"మీ పోయినవాళ్ళకి రోజు ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

నా నోరు ఊరుకుంటుందా! "మాకు తిథి ఉంది. అది చంద్రుణ్ణి బట్టి. మీలా చేతులెత్తి చంద్రుణ్ణి జరపలేం" అన్నాను. ఆవిడ ముఖం చూశాక నాలుక కరుచుకున్నాను. ఏం లాభం?

జనవరి ఆరున ఇంకా పొద్దు ఉండగానే ఆవిడ తెరలన్నీ దించేసింది. మర్నాడు కంచె దగ్గరికి వచ్చింది.

"తలుపు మూడుసార్లు తెరుచుకుంది. వంటింట్లోకి వచ్చారు. బల్ల కింద వెతికారు. పిల్లలు కదా, ముక్క పడిందేమోనని. నేను దుప్పటి కప్పుకుని పడుకున్నా. లేచి పెట్టలేదు."

"గాలేమోనమ్మా."

"గాలి చెప్పుల్లేకుండా నడుస్తుందా?"

ఆ ఏడాదంతా ఆవిడ చిక్కిపోయింది. "ఆరునే పెట్టెయ్యకూడదూ? ఎవరు చూడొచ్చారు?" అన్నాను ఒకసారి.

"నేను చూస్తానుగా. మాస్కోవాళ్ళ తేదీని మళ్ళీ నా గడప ఎక్కనిస్తే మా అమ్మ ఆ అబద్ధం ఎందుకాడినట్టు? కాని ఆ ఇద్దరికీ కబురెవరు చెబుతారు? ఏటా అమ్మ ఆరునే పెట్టింది. వాళ్ళకి అదే తెలుసు."

మళ్ళీ డిసెంబరు వచ్చేసరికి మంచం దిగలేకపోయింది. నర్సు వెళ్ళిపోయేదాకా ఆగి, నా మణికట్టు పట్టుకుంది.

"ఆరున మీ ఇంట్లో పెట్టు, కలా. నువ్వు ఏ మాటా ఇవ్వలేదు. వాళ్ళు నా తలుపు దగ్గరికి వస్తే పక్కింటికి పొమ్మని చెబుతా."

"నేనేమని పిలవను? మీ భాష రాదే."

"పిలవక్కర్లేదు. తేనె వాసనకి వస్తారు." చెయ్యి వదల్లేదు. "గిన్నె నిండా మాత్రం పెట్టకు. అంత ఆకలి మీదున్నవాళ్ళు ఒక్కసారిగా తింటే చచ్చిపోతారని అమ్మ చెప్పేది. ముందు చెరో చెంచాడు పెట్టు. ఓ గంట ఆగు. అప్పుడు మళ్ళీ పెట్టు."