రెండు ఇస్త్రీపెట్టెలు, ఊడదీసిన ప్లగ్గు

మెట్ల పక్క గదిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆయన్ని ఆ మేడంతా బాబాయి అనే పిలిచేది. కరెంటు కోతలు మొదలయ్యాక బాబాయి ఒక కిటుకు కనిపెట్టాడు. రెండు ఇస్త్రీపెట్టెల వేడి మరలూ చివరిదాకా తిప్పి, స్విచ్చులు వేసే ఉంచి, గుమ్మంలో కూర్చునేవాడు. కరెంటు రాగానే పెట్టెలు వాటంతటవే కాగుతాయి.

"నువ్వొక్కడివే తెలివైనవాడివనుకున్నావా? పైవాళ్లందరూ చేసేదీ అదే" అనేది భార్య.

నిజమే. కోత ముగిసే వేళకి మోటారు, గ్రైండరు, హీటరు, బట్టలుతికే మిషను అన్నీ నోళ్లు తెరుచుకుని ఎదురుచూసేవి. కోతలో వాడుకోలేకపోయిందంతా ఒక్క గుక్కలో తాగేద్దామని అందరికీ ఆత్రమే. "అన్నీ ఆపి ఉంచండి. కరెంటొచ్చాక కాస్త ఆగి, ఒక్కొక్కటే వేసుకోండి. అన్నీ ఒక్కసారే లాగితే వైరు కాలుతుంది" అని లైన్‌మన్ మొత్తుకునేవాడు. వినే నాథుడేడీ?

ఎదురు గదిలో పుల్ల ఐసు చేసి అమ్మే ఆవిడ ఉండేది. బాబాయిని ఆవిడొక్కతే తమ్ముడనేది, ఆయనకి ఆవిడ అక్క. ఒక మధ్యాహ్నం కోత వేళ, ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్లిన బాబాయి చూశాడు. ఫ్రీజరు ప్లగ్గు ఊడి వేలాడుతోంది. మూత మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి.

"అదేంటక్కా, పీకేశావు?"

"లైన్‌మన్ చెప్పాడుగా తమ్ముడూ. అందరివీ అయ్యాక పెడతాలే. అందాకా చల్లదనం ఆగుతుంది."

అమాయకురాలని నవ్వుకుంటూ వచ్చేశాడు బాబాయి.

సాయంత్రం కరెంటు వచ్చింది. రావడం రావడమే ఢామ్మంది. మీటర్ల దగ్గర వైరు కాలి, మేడంతా కమురు వాసన.

గదులన్నీ అద్దెకిచ్చిన ఇంటాయన రుసరుసలాడుతూ పైనుంచి దిగాడు. "ఇంకేముంది, ఆ ఏనుగంత ఫ్రీజరే! రేపటికల్లా అది నా ఇంట్లో ఉండకూడదు."

అది పోతే అక్క బతుకుతెరువే పోతుంది. "నాది ఆపే ఉందండీ" అంది.

"ఆ, ఉంటుంది ఉంటుంది!" ఎవరో వెక్కిరించారు.

అక్క బాబాయి వైపు చూసింది. ఆయన చేతిలో ఉన్న చొక్కాకి లేని ముడత సరిచేస్తూ తల దించుకున్నాడు.

మర్నాడు వైరు మార్చేసరికి ఐసంతా రంగునీళ్లు. అక్క గిన్నెలతో ఎత్తి కాలువలో పారబోస్తోంది. ఫ్రీజరు తీసుకెళ్లే బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది.

ఇక బాబాయికి కాలు నిలవలేదు. మెట్ల దగ్గరికెళ్లి కేకేశాడు.

"ఏవండీ, కాస్త దిగండి! ఆ ప్లగ్గు పీకి ఉండటం నేను కళ్లారా చూశాను. వేసి ఉన్నవి నా పెట్టెలు. నిన్న నోరు పెగల్లేదు."

"అయితే నువ్వు ఖాళీ చేస్తావా?" ఇంటాయన ఉరిమాడు.

"చేయమంటే చేస్తా. అక్కనెందుకు పంపిస్తారు?"

పై మెట్టు మీద ఒకావిడ నసిగింది. "మా హీటరు కూడా వేసే ఉందిలెండి..."

"మోటారో?" అన్నాడింకొకాయన.

మోటారు ఇంటాయనదే. ఆయన గొంతు సవరించుకుని, బండివాణ్ణి వెళ్లమన్నాడు.

అక్క ఖాళీ గిన్నె బోర్లించింది. "నిన్ననే చెబితే నీ సొమ్మేం పోయేది తమ్ముడూ?" కోపంగా కూడా అనలేదు. కోప్పడినా బాగుండేది.

ఆ సాయంత్రం కోత ముగిసింది. ఎదురు గదిలో ఫ్రీజరు గుర్రుమంటూ అందుకుంది. బాబాయి రెండు ప్లగ్గులూ ఒళ్లో పెట్టుకుని ఆ చప్పుడే వింటున్నాడు.

"వేసుకో తమ్ముడూ, ఇంకా ఎందుకు?" అక్క కేకేసింది.

"కాసేపు ఆగుతానక్కా" అన్నాడు, తలెత్తకుండానే.