మీసాలాడితే చాలదు, ఈదాలె

నాకు పని నేర్పిన మా మేడమ్ పోయారన్న కబురు పొద్దున పదింటికి వచ్చింది. అప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లోని మా ల్యాబులో, కిటికీ పక్క బల్ల దగ్గర ఉన్నాను. పదకొండింటికి నలభై ఎనిమిది గంటల లెక్క చూడాలి. ఫోను పెట్టేసి, చేతులు కడుక్కుని, గోడ మీది వెంకన్న పటానికి ఒకసారి మొక్కి అక్కడే నిలబడ్డాను. లెక్క వదిలేసి వెళ్తే, పోయినావిడే లేచి నన్ను గుమ్మంలోంచి వెనక్కి పంపేవారు.

మా పని మీకు వింతగా తోచవచ్చు. ఒక రసాయనం చెరువులో కలిస్తే అందులోని ప్రాణులకు ఎంత కీడో తేల్చడం. అందుకోసం నీటి ఈగలనే, మీసాలతో నీళ్లలో ఈదే పురుగులను పెంచుతాం. ఆవగింజంత కూడా ఉండవు. పుట్టి ఒక రోజైనా నిండని పిల్లల్ని గ్లాసుకు ఐదు చొప్పున వదులుతాం. కొన్నింట్లో మందు కలిపిన నీళ్లు, కొన్నింట్లో ఉత్త నీళ్లు. రెండు రోజులయ్యాక గ్లాసును మెల్లగా తిప్పి పదిహేను సెకన్లు ఆగుతాం. ఈదితే సరే. ఈదకపోతే ఆగిపోయినట్టు రాయాలి. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము దాటకుండానే సగం ఆగిపోయాయంటే, ఆ మందు డబ్బా మీద హెచ్చరికగా చచ్చిన చేప బొమ్మ వేయాల్సిందే.

పదో తరగతి చదువుతో, మెడలో తులసిమాలతో యూసుఫ్‌గూడ నుంచి వచ్చి చేరినప్పుడు నాకు ఈ పనంటే వణుకు. "ఇది పాపం కాదా మేడమ్?" అని అడిగాను.

"పాపమే బిడ్డా. నీకే గాదు, నాకు గూడ. గందుకే లెక్క సక్కగ రాయాలె. తప్పు రాస్తివా, గివన్నీ ఉత్తగ సచ్చినట్టే."

పదిహేను సెకన్లను నేను మనసులో గోవింద నామాలతో లెక్కపెట్టేదాన్ని. ఆవిడ గడియారం పట్టి చూసి నవ్వారు. "నీ గోవిందుడు టైముకే వస్తుండు. అయినా రిజిస్టర్ల గడియారం చూసే రాయి."

మొదటి నెలలోనే ఒక తప్పు చేశాను. ఒక గ్లాసు అడుగున మూడు పడి ఉన్నాయి. ఈదడం లేదు, మీసాలు మాత్రం సన్నగా ఆడుతున్నాయి. చూడలేక, బతికున్నట్టు రాసేశాను. మేడమ్ గ్లాసు వెలుతురుకు ఎత్తి చూశారు.

"గివి ఈదినయా?"

"లేదు మేడమ్. జర మీసాలు ఆడుతున్నయని... జాలేసింది."

"నీ జాలి రేపు చెరువుల చేపలకు విషమైతది." ఒకే గీతతో ఆ అంకె కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించారు. తర్వాత చాయ్ ఆవిడే తెచ్చి నా చేతికిచ్చారు.

కొన్నేళ్లకు సినిమా సెట్లలో కట్టే కొలనులకు నాచు పట్టకుండా వేసే మందు ఒకటి పరీక్షకు వచ్చింది. షూటింగ్ అయ్యాక ఆ నీళ్లు నాలాలోకి, అక్కణ్నుంచి చెరువులోకే కదా పోయేది. అమ్మే ఆయన తెల్ల చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. "మేడమ్ గారూ, మీసాలు ఆడుతున్నాయి కదండీ! అంటే బతికున్నట్టే కదా. చచ్చిన చేప బొమ్మేస్తే మా సరుకెవరు కొంటారండీ?"

"మీసం తిప్పితే బతికినట్టు మీ సినిమాలల్ల. నా గ్లాసుల ఈదాలె."

ఆయన సరుకు వెనక్కి తీసుకుపోయాడు. మేడమ్ మంచం పట్టాక అదే నీలం మందు, అదే ఘాటు వాసన, కొత్త పేరుతో మళ్లీ వచ్చింది. మేడమ్ పోయిన రోజు నేను చూడాల్సిన లెక్క దానిదే.

పదకొండయింది. ఉత్త నీళ్ల గ్లాసుల్లో పిల్లలన్నీ ఎగిరెగిరి ఈదుతున్నాయి. మందు గ్లాసుల్లో, అర మిల్లీగ్రాము దగ్గరే, సగానికి పైగా అడుగున పడి ఉన్నాయి. మేడమ్ స్థానంలో వచ్చిన సార్ నా వెనక నిలబడ్డారు.

"అమ్మా, యాంటెన్నా మూవ్ అవుతున్నాయి కదా. కొంచెం లిబరల్‌గా చూడండి. లేకపోతే వాళ్లు వేరే ల్యాబ్‌కి పోతారు."

నా గొంతు ఎప్పుడూ పెద్దగా లేవదు. ఆ రోజూ లేవలేదు. "పోనీయండి సార్. ఏ ల్యాబుకు పోయినా పదిహేను సెకన్లే. నేను చూసింది రాసిన. మీకు వేరేగ కావాలంటే కొట్టేసి, మీ చేత్తోని రాసి, పక్కన సంతకం పెట్టుండ్రి."

పెన్ను ఆయన ముందు పెట్టాను. పట్టుకుని రిజిస్టర్‌లోని అంకెలన్నీ ఒక్కొక్కటిగా చదివారు. చివరికి, ఏదీ కొట్టేయకుండా, నా సంతకం కింద ఆయన సంతకం పెట్టారు.

అప్పుడు వెళ్లాను, షేక్‌పేటలోని మేడమ్ ఇంటికి. నుదుట బొట్టు పెట్టి పడుకోబెట్టారు. కాళ్లకు దండం పెట్టి, అలవాటు మానక, మనసులో పదిహేను గోవింద నామాలు చెప్పుకున్నాను. ఆవిడ కదల్లేదు, ఆగిపోయినట్టే మనసులో రాసుకున్నాను. జాలితో తప్పు రాయడం ఆవిడ నాకు నేర్పలేదు. అప్పుడు ఏడ్చాను.

మేడమ్ నెలమాసికానికి వెళ్తుంటే మా ఆటో ముందు సెట్ల సామాను లారీ ఒకటి ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతోంది. వెనకాల ఆ నాచు మందు నీలం డ్రమ్ము. దాని మీద ఎర్ర అంచు చదరంలో వెల్లకిలా పడ్డ చేప, ఎండకు మెరుస్తోంది. ఆటోలోంచే చేతులెత్తి దండం పెట్టాను.