బాల్కనీ ఉన్న గదే ఎందుకు తీసుకున్నామంటే

ఓడ ప్రయాణానికి గది ఎలా ఎంచుకోవాలని ఈమధ్య నలుగురైదుగురు నాకు మెయిల్ రాశారు. కిటికీ లేని గది సరిపోతుందా, బాల్కనీ ఉన్నదే తీసుకోవాలా, అంత డబ్బు పోయడం దండగ కాదా అని వాళ్ళ ప్రశ్న. ఒక్క ముక్కలో జవాబు చెప్పేయవచ్చు. కానీ ఆ ఒక్క గది ఎంచుకోవడానికి నేను ఒక రోజంతా బందరు నుంచి గుడివాడకీ, గుడివాడ నుంచి దివిసీమకీ తిరిగాను. ఆ తిరుగుడు చెప్పకపోతే నా జవాబు మీకు పిచ్చిగా అనిపిస్తుంది. ఓపిక లేనివాళ్ళు చివరి పేరాకి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను.

నేను బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇరవై ఆరేళ్ళు ఆపరేటరుగా పనిచేశాను. ఆ ఉద్యోగంలో మాకు పేర్లుండేవి కావు, ఊళ్ళే మా పేర్లు. "గుడివాడ గారూ, ఒక లైను ఇవ్వండి", "ఉయ్యూరు గారూ, మీ పార్టీ ఫోను పెట్టేసి వెళ్ళిపోయారండీ" అనేవాళ్ళం. నేను బందరు గారిని. పని లేని వేళల్లో లైను మీద కబుర్లు చెప్పుకునేవాళ్ళం. అలా నాకు దొరికిన మనిషి అవనిగడ్డ గారు. ఆవిడ అసలు పేరు నాంచారమ్మ అని తెలియడానికే నాకు ఏడాది పట్టింది. పెళ్ళయిన కొద్ది నెలలకే పుట్టింటికి వచ్చేశారు. ఎందుకొచ్చేశారో ఫోనులో నాకు చెప్పారు, ఇక్కడ రాయను. నేను అసలు పెళ్ళే చేసుకోలేదు. తర్వాత ఎక్స్ఛేంజిలన్నీ ఆటోమేటిక్ అయిపోయి, మా ఇద్దరినీ స్వచ్ఛంద విరమణ పేరుతో మర్యాదగా ఇంటికి పంపించేశారు. రోజుకి మూడొందల గొంతులు విన్న చెవికి పాలవాడి గొంతు ఒక్కటే మిగిలింది. అదీ రెండు మాటలే. సాయంత్రం ఆరింటికి నాంచారమ్మ గారి ఫోను వచ్చేదాకా ఇంట్లో కుక్కరు కూత తప్ప ఇంకో చప్పుడుండేది కాదు.

రెండువేల ఐదు ప్రాంతంలో అనుకుంటాను, పేపర్లో సింగపూరు నుంచి బయల్దేరే ఓడ ప్రకటన చూశాను. నాలుగు రాత్రులు సముద్రం మీదే. పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డునే అయినా మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగినదాన్ని కాదు. ఆ సాయంత్రం ఫోనులో చెప్తే, నా మాట పూర్తికాకముందే "పదండి వెళ్దాం, ఇంకేం చేస్తాం ఇక్కడ కూచుని" అన్నారు నాంచారమ్మ గారు. ఇద్దరం పాస్‌పోర్టులకి పెట్టుకున్నాం. అవి చేతికి రావడానికి రెండు నెలలు పైనే పట్టింది కాబట్టి, మీరు కూడా ముందు ఆ పని చూసుకోండి. తీరా అవి వచ్చాక ఆవిడ మాట మారింది. ఓడ సంగతి ఎత్తితే "చూద్దామండీ" అనడం మొదలుపెట్టారు. నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే అన్నేళ్ళలో మేము కలుసుకున్నది ఒక్కసారే. బెజవాడలో ఏదో ట్రైనింగు ఉంటే పక్కపక్క కుర్చీల్లో రోజంతా కూర్చున్నాం. ఆవిడ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. మర్నాడు లైను మీదికి వచ్చి ఏమీ జరగనట్టు గంటసేపు నవ్వించారు.

టికెట్ల సంగతి కనుక్కుని, అటునుంచి ఆవిడ ఇంటికే వెళ్ళి తేల్చుకుందామని, వస్తున్నానని ముందురోజు ఫోనులో చెప్పి, ఫిబ్రవరిలో ఒకరోజు ఉదయం ఏడున్నర ప్యాసింజరు ఎక్కాను. గుడివాడకి గంట పైన పడుతుంది, టికెట్టు ఎనిమిది రూపాయలు. పెడన దగ్గర కలంకారీ గుడ్డలు అప్పుడే ఆరేస్తున్నారు. గుడ్లవల్లేరులో ఒకావిడ పెసరట్ల గిన్నెతో ఎక్కితే రెండు కొనుక్కుని తినేశాను, కాబట్టి టిఫిను ఖర్చు కూడా అక్కడే తేలిపోయింది. ఓడ టికెట్లమ్మే ట్రావెల్ ఆఫీసు గుడివాడ బస్టాండుకి ఎదురుగా మిఠాయి కొట్టు మేడ మీద ఉండేది. దాన్ని నడిపే ప్రసాదు గారు నలభై ఏళ్ళ మనిషి. మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ వెనక్కి చూస్తుంటారు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"ఎంతమందండీ మేడమ్?"

"ఇద్దరం."

"సారు కూడా వస్తున్నారా అండీ?"

"ఏ సారూ లేరు. నా స్నేహితురాలు."

"ఓహో" అని ఓడ పటం బల్ల మీద పరిచారు. పదకొండు అంతస్తులు. అగ్గిపెట్టెలు పేర్చినట్టు గదులు. లోపలి వరసలో ఉన్నవాటికి కిటికీ ఉండదు, మనిషికి పద్దెనిమిది వేలు. బయటి వరసలో అద్దాల కిటికీ ఉన్నవి ఇరవై మూడు. బాల్కనీ ఉన్నవి ముప్ఫయి ఒకటి. విమానం ఖర్చు వేరే. "బాల్కనీ ఎక్కువగా కొత్త జంటలు తీసుకుంటారండీ. మీ ఇద్దరికీ లోపలి గది చాలు. పడుకోడానికేగా" అన్నారాయన. నాకూ అదే న్యాయంగా తోచింది. ఎందుకైనా మంచిదని, "ఒక్కరే వస్తే ఎంత?" అని అడిగాను.

"ఒక్కరొచ్చినా ఇద్దరి డబ్బూ కట్టాలండీ. ఓడవాళ్ళు గదికి ఇద్దరనే లెక్కేస్తారు. మంచాలు రెండూ మీవే."

నాకు ఒళ్ళు మండింది. ఒంటరి మనిషికి ఇల్లు అద్దెకివ్వరు, హోటల్లో గదిస్తే రిజిస్టరు రెండుసార్లు చదువుతారు. చివరికి సముద్రం మీద కూడా లేని మనిషికి టికెట్టు కొనమంటున్నారు. రెండో మనిషి ఉంటే పాస్‌పోర్టు నకలూ సంతకమూ తెచ్చివ్వాలనీ, ఏ గదో సాయంత్రం అయిదులోగా ఫోను చేసి చెప్తే ఉంచుతామనీ అన్నారు. పటం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను.

గుడివాడ నుంచి పామర్రుకి అరగంట. అక్కడ బస్సు మారి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరడానికి గంటంబావు. నాంచారమ్మ గారి పుట్టిల్లు కోడూరు అవతల పాలకాయతిప్పలో. అవనిగడ్డ నుంచి కోడూరుకి బస్సులున్నాయి గాని, నేను ఆటో ఎక్కాను. "ఎవరింటికండీ?" అన్నాడు డ్రైవరు. పేరు చెప్పగానే "ఫోనావిడ ఇంటికా! మా పెళ్ళి కబురు ఆవిడే అందించింది హైదరాబాదుకి" అని తిన్నగా గుమ్మం ముందు దింపాడు. అప్పటికి పన్నెండున్నర.

నాంచారమ్మ గారు తమ్ముడి ఇంటిని ఆనుకుని ఒక గది, వసారా వేసుకుని ఉంటున్నారు. వసారాలోనే ఒక పక్కన తాటాకు తడిక కట్టి వంట చేసుకుంటారు. నన్ను చూసి గబగబా లేచి నిలబడ్డారు. నాకు గుర్తున్నదానికంటే పొట్టి మనిషి.

"వచ్చారా అండీ."

"వచ్చానండీ."

"ప్రయాణం బాగా జరిగిందా అండీ?"

"బాగా జరిగిందండీ. దగ్గు తగ్గిందా మీకు?"

"తగ్గిందండీ."

అంతే. ఆ దగ్గు గురించి మొన్న ఫోనులో నాకు అరగంట చెప్పిన మనిషి! ఆవిడ నా చెప్పుల వంక చూస్తున్నారు, నేను గోడ మీది క్యాలెండరు వంక చూస్తున్నాను. ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చి ఇంట్లో ఉన్నంత ఒంటరిగా కూర్చున్నాననిపించింది. ఏడుపొచ్చేట్టయింది. ఈలోగా ఆవిడ తమ్ముడు వీరాస్వామి వచ్చి నన్ను రక్షించాడు. అతను సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి. పటం విప్పితే నేల మీద గొంతుక్కూర్చుని చూశాడు.

"ఎంత పెద్ద పడవైనా పడవేనండీ అమ్మగారూ. మధ్యలో కూచోవాల, కిందకి కూచోవాల. ఈ కొసన తీసుకున్నారనుకోండి, ఊపుకి పేగులు నోట్లోకొస్తాయి" అని ఆరో అంతస్తు నడుమ వేలు పెట్టాడు. బాల్కనీ సంగతి చెప్తే పగలబడి నవ్వాడు. "సముద్రం మీదకెళ్ళి సముద్రం చూడ్డానికి మళ్ళీ డబ్బులా అండీ?" వలలు బాగుచేసుకోవాలంటూ అతను వెళ్ళిపోయాడు. మళ్ళీ మేమిద్దరమే మిగిలాం. నాంచారమ్మ గారు "కూర చూసొస్తానండీ" అని తడిక వెనక్కి తప్పుకున్నారు.

ఏదో ఒకటి అనాలి కదా అని, "ఏం చేపండీ?" అన్నాను తడికతో.

"ఏం చేపని తాపీగా అడుగుతున్నారా బందరు గారూ! మట్టగిడసలండీ. పొద్దున్న ఆ చేపలమ్మితో ఎంత యుద్ధం చేశాననుకున్నారు!" తడిక వెనకనుంచి వచ్చింది గొంతు. అదే గొంతు, నా సాయంత్రం ఆరింటి గొంతు. చేపలమ్మి ఏమన్నదీ, ఈవిడ ఏమన్నదీ, మధ్యలో పిల్లి ఏం చేసిందీ అన్నీ చెప్పుకుపోయారు. నేను ఒక్కదాన్నే వసారాలో కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. పళ్ళెం పట్టుకుని ఇవతలికి రాగానే నోరు కట్టేసినట్టయింది. "కారం ఎక్కువైందా అండీ" అని నా పళ్ళేన్ని అడిగారు. పులుసు అద్భుతంగా ఉంది, ఆ మాట కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

పెరుగు తేవడానికి ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళారు. అప్పుడు ధైర్యం చేశాను.

"అవనిగడ్డ గారూ, ఓడకి వస్తున్నారా, లేదా? ఏ మాటైనా ఫరవాలేదు. చెప్పేయండి."

గిన్నె చప్పుడు ఆగింది.

"రావాలనే ఉందండీ" అన్నారు తడిక అవతల నుంచి. "కానీ ఒక్క గదిలో నాలుగు రోజులు మీ ఎదురుగా కూచుని ఏం మాట్లాడను? నాకు మొహం చూస్తే మాట రాదండీ. ఎవరి మొహమైనా అంతే. మీరు రెండు రోజులు ఓర్చుకుంటారు, మూడోరోజు విసుక్కుంటారు. తిరిగొచ్చాక ఫోను చెయ్యాలనిపించదు మీకు. ఓడ లేకపోతే ఏమైందండీ. ఆ ఫోను పోతే నాకింకేం లేదు."

ఈవిడ నాకు ఎంతో, నేనూ ఈవిడకి అంతేనని అన్నేళ్ళలో నాకు తట్టనేలేదు. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని, పక్కన పరిచి ఉన్న పటం వంక చూశాను.

"ఏవండీ" అన్నాను. "ఈ ఓడలో కొన్ని గదులకి బయట చిన్న వసారాలాంటిది ఉంటుందట. గదికీ దానికీ మధ్య తలుపు. తలుపుకి తెర. మీరు బయట కూర్చుంటే నేను లోపల కూర్చుంటాను."

తడిక అవతల గిన్నె మళ్ళీ కదిలింది.

"మందపాటి తెరేనా అండీ?"

"తెలియదండీ. పల్చగా ఉంటే దుప్పటి కడదాం."

ఆవిడ పెరుగు గిన్నెతో వచ్చి, నా పళ్ళెంలో వడ్డించి, పాస్‌పోర్టు నకలు తెచ్చి, నా వైపు చూడకుండా సంతకం పెట్టారు. నాలుగున్నరకి అవనిగడ్డ ఎస్టీడీ బూతు నుంచి ప్రసాదు గారికి ఫోను చేశాను. ఆరో అంతస్తు, నడుమ, బాల్కనీతో, ఇద్దరికి. "పెంచేశారే మేడమ్! సముద్రం బాగా కనబడుతుందండీ" అన్నారు. సముద్రం కోసం కాదని ఆయనకి ఏం చెప్తాను? కాగితాలు మర్నాడు తెచ్చిస్తానని చెప్పి బందరు బస్సెక్కాను, ఏడు కాకుండానే ఇల్లు చేరాను.

ఓడ గురించి చెప్పాల్సింది తక్కువే. వీరాస్వామి మాట నిజం, మా గది పెద్దగా ఊగలేదు. కొసన గదులవాళ్ళు నిమ్మకాయలు పట్టుకుని తిరిగారు. మొదటి సాయంత్రం నాంచారమ్మ గారు బాల్కనీలో కూర్చుని తలుపు మూసుకున్నారు, నేను తెర లాగి లోపల మంచం మీద కూర్చున్నాను. పది నిమిషాలైనా ఒక్క మాట లేదు. ఇక్కడ కూడా ఇంతేనా అని నా ప్రాణం ఉసూరుమంది. ఆఖరికి తెర తొలగించి చూస్తే, ఆవిడ చేతులు తిప్పుకుంటూ ఏదో చెప్తూనే ఉన్నారు, నేనే పలకడం లేదని మొహం చిన్నబుచ్చుకుని మరీ. ఆ గాజు తలుపు మూస్తే గొంతు చించుకున్నా వినపడదని ఇద్దరు టెలిఫోను ఆపరేటర్లకి తోచలేదు! ఆ తర్వాత తలుపు జానెడు తెరిచి, బయట ఏం కనిపిస్తే అది నాకు చెప్పారు. మా పాలకాయతిప్పలో నీళ్ళు బురదరంగండీ, ఇక్కడ నీలిమందు కలిపినట్టున్నాయి అన్నారు. మర్నాడు నేను బయట, ఆవిడ లోపల. భోజనాల హాల్లో మాత్రం ఎదురెదురుగా మౌనంగా తిన్నాం. పక్కబల్ల గుజరాతీ దంపతులు మాకు పోట్లాటైందనుకుని రాజీ చెయ్యబోయారు.

ఆ ప్రయాణంతో ఒంటరితనం పోయిందా అంటే, పోలేదు. ఆవిడ మొహంలోకి నేను నిండుగా చూసింది ఒక్కసారి కూడా లేదు. ఇప్పుడు దారిలో ఎదురైతే చటుక్కున గుర్తుపట్టగలనో లేదో. కానీ నా జీవితం మొత్తంలో నాకు అంత దగ్గరగా వచ్చి కూర్చున్న మనిషి ఇంకొకరు లేరు. అందుకే బాల్కనీ గది దండగ కాదని నేనంటాను. తీసుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఆ గాజు తలుపు పూర్తిగా మూయకండి, జానెడు తెరిచి ఉంచండి. తెరిస్తే గదిలో ఏసీ దానంతటదే ఆగిపోతుంది, గది సర్దే అతను వచ్చి మర్యాదగా మూసేసి వెళ్తాడు. అతను వెళ్ళాక మళ్ళీ తెరవండి.