షెడ్డు నాది, తాళం నాది

నేను అద్దెకుంటున్న వాటా కింద కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆదివారం పొద్దున్నే కొట్టాయన మిషన్లన్నీ అరుగు మీదికి చేర్చి, పాత గుడ్డతో తుడిచి నూనె వేస్తాడు. పల్చగా, కాస్త ఇనుము కలిసినట్టుండే ఆ వాసన మెట్లెక్కి నా గదిలోకి వస్తుంది. వచ్చినప్పుడల్లా చేతిలో పని ఆగిపోతుంది. అలా ఎంతసేపు కూర్చున్నా, ఏమైందని అడగడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. జ్ఞానసుందరం మాస్టారు తన ఎయిర్ రైఫిళ్లకు వేసింది ఆ నూనే.

మాస్టారిది రాజోలు వైపు. సైన్యంలో హవల్దారుగా పనిచేసి వచ్చాక, కొత్తపేట శివార్లలో ఒక పాత కొబ్బరి గోదాము అద్దెకు తీసుకుని పది మీటర్ల షూటింగ్ రేంజి పెట్టారు. పైన రేకులు, ఒక కొసన ఇసుక బస్తాలు, వాటి ముందు కాగితపు టార్గెట్లు. పెళ్లి చేసుకోలేదు. గోదాము వెనక గదిలోనే వంట, పడక, ప్రార్థన. నేర్చుకునేవాళ్లం ఎనిమిది మందిమి. నేను అప్పటికి ఇంటర్ లెక్కల్లో తప్పాను. నాతో చదివినవాళ్లంతా కాలేజీలకు వెళ్లిపోయారు. ఇంట్లో రోజుల తరబడి నోరు విప్పకుండా తిరుగుతున్న నన్ను చూడలేక, మా నాన్న ఒకరోజు బండి మీద ఎక్కించుకుని ఆ షెడ్డు ముందు దింపారు. "దీన్ని ఏదో ఒక ధ్యాసలో పెట్టండి మాస్టారూ" అని చెప్పి వెళ్లిపోయారు.

నెల రోజులు నాకు ఒక్క పెల్లెట్టు, అంటే ఆ చిన్న సీసపు గుండు, ఇవ్వలేదు. ఖాళీ రైఫిలు ఎత్తడం, గురి చూడడం, దించడం. భుజం లాగేసేది. ఉండబట్టలేక అడిగాను.

"నేనెప్పుడు కాలుస్తానండి?"

"కాల్చడం ఎవరికైనా వస్తాదమ్మా భవానీ. కాల్చకుండా దించడం రావాలి. గురి కుదర్లేదనుకో, ఊపిరి సరిపోలేదనుకో, దించేయ్. ఎవరు చూస్తున్నా సరే, సిగ్గుపడకు."

"ఆయ్" అన్నాను కానీ, ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాతి నెల మొదటిసారి కాల్చినప్పుడు టార్గెట్టు అంచున ఒక చిల్లు పడింది. మాస్టారు ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు కాఫీ కలిపి ఇచ్చారు. ఆ రోజు ఇంటికి వెళ్లి అమ్మతో గంటసేపు మాట్లాడాను. ఏడాది తిరిగేసరికి రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్లగలిగేంత గురి కుదిరింది.

గోడ అవతల ఇంట్లో లక్ష్మి అనే కొత్త బాలింత ఉండేది. రేకుల షెడ్డు కావడంతో రైఫిలు చప్పుడు రెండింతలై వినిపించేది. ఒకరోజు బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. "మాస్టారండీ, బాబు ఉలిక్కిపడి లేచిపోతున్నాడండి" అంది. మాస్టారు ఆ పూటకు రైఫిళ్లు పక్కన పెట్టించేశారు. తర్వాత ఎవరో చెప్పగా, రైఫిలు మూతికి బిగించే సైలెన్సరొకటి కొరియర్లో తెప్పించారు. జానెడు నల్లటి గొట్టం. అది వాడొచ్చో లేదో చెప్పే కాగితమేదీ దాంతోపాటు రాలేదు.

బిగించే ముందు నిబంధన ఏమిటో కనుక్కుందామని ఆయన బయలుదేరారు. ప్లీడరుగారు, "ఎయిర్ రైఫిలుకే లైసెన్సు అక్కర్లేనప్పుడు దాని మూతికి ఎందుకండీ?" అన్నారు. కాకినాడలో తుపాకులమ్మే ఆయన, "చప్పుడు తగ్గించేది ఏదైనా తప్పేనండి, నా కొట్లో అయితే ఉంచను" అన్నారు. స్టేషన్లో ఒకాయన, "ఎవరు చూడొచ్చేరండీ, వాడేసుకోండి" అని నవ్వారట. పైగా ఇంకో అనుమానం పుట్టుకొచ్చింది. అసలు రేంజి నడపడానికి క్రీడా సంఘం ఇచ్చిన కాగితం చాలా, పై నుంచి వేరే ఉత్తర్వు కావాలా అన్నదానికీ ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. మాస్టారు ఈ రెండు ప్రశ్నలూ రాసి కలెక్టరాఫీసుకు పంపారు. సైలెన్సరును గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టారు. "జవాబొచ్చేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అని అందరికీ చెప్పారు. అప్పటినుంచి బాబు పడుకున్నప్పుడు లక్ష్మి గోడ మీద తుండుగుడ్డ ఆరేసేది. అది కనిపిస్తే మేం కాల్చకూడదు.

పోటీలు నెల రోజుల్లోకి వచ్చాయి. జవాబు రాలేదు. తుండుగుడ్డ మాత్రం మధ్యాహ్నాలన్నీ గోడ మీదే ఉండేది. ఒకరోజు మాస్టారు బ్యాంకు పని మీద వెళ్తూ, షెడ్డు చూస్తూ ఉండమని తాళాలు నాకిచ్చారు. నేను ట్రంకు తెరిచాను. సైలెన్సరు బిగించి పది సార్లు కాల్చాను. అంతటితో ఆగినా బాగుండేది. ఫోను బల్ల మీద నిలబెట్టి వీడియో తీసి స్టేటస్‌లో పెట్టాను. కాలేజీలకు వెళ్లిన స్నేహితురాళ్లలో ఒక్కరైనా చూసి పలకరిస్తారన్నదే నా ఆశ. ఎవరూ పలకరించలేదు. ఎవరో మాత్రం దాన్ని ఇంకెవరికో పంపారు.

మూడో రోజు జీపు వచ్చింది. ఎస్సైగారు ఫోనులో వీడియో చూపించారు. అందులో రైఫిలు, సైలెన్సరు, నా రెండు చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఇది బిగించి కాల్చిందెవరండీ?"

మాస్టారు నా వైపు ఒక్కసారి చూశారు. అప్పుడే ఆయనకు సంగతి తెలిసింది.

"షెడ్డు నాది, తాళం నాది. నన్నే రాసుకోండి" అన్నారు.

"చేతులు ఆడపిల్లవిలా ఉన్నాయి కదండీ."

"నన్ను రాసుకోమంటున్నాను కదండీ."

నేను నోరు తెరవలేదు. ఇసుక బస్తాలకు ఆనుకుని అలాగే నిలబడ్డాను. నాలుగు రైఫిళ్లూ, ఆ గొట్టమూ జీపులో పెట్టుకుని వెళ్లారు. కేసు కాదు, విచారించి చూస్తామన్నారు. అది తేలేదాకా రేంజి తెరవొద్దన్నారు.

వారం తిరక్కుండా మిగతా ఏడుగురూ రావడం మానేశారు. పోలీసులొచ్చిన చోటికి పిల్లల్ని ఎవరు పంపుతారు? పోటీలు వచ్చాయి, వెళ్లాయి. నేను పది రోజులు ముఖం చూపించలేక, ఆ తర్వాత వెళ్లాను. మాస్టారు ఖాళీ షెడ్డు ఊడుస్తున్నారు. కాల్చేవాళ్లు ఎవరూ లేకపోయినా కొత్త టార్గెట్లు తగిలించి ఉన్నాయి.

"స్టేషనుకెళ్లి నేనే అని చెప్పేస్తానండి" అన్నాను.

ఆయన చీపురు గోడకు చేరవేసి కూర్చున్నారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని.

"రేపు ఉద్యోగాలకు రాస్తావు. నీ గురించి వాకబు చేస్తారు. నాకింక ఏ ఉద్యోగం కావాలమ్మా? ఆ కుర్చీ లాక్కో. అర్జీ రాద్దాం."

రైఫిళ్లు తిరిగిమ్మనీ, ఆ రెండు ప్రశ్నలకు జవాబివ్వమనీ ఆ రోజునుంచి నెలకో అర్జీ. ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. చట్టం పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం ఇద్దరం కలిసి చదివేవాళ్లం. "తెలిసిన ముక్క తెలిసినట్టు రాయి. తెలీందాన్ని తెలీదనే రాయి. మధ్యలో అలంకారాలు వద్దు" అనేవారు. ఎవరు బిగించారన్న చోటికి వచ్చేసరికి మాత్రం, ఆయన కిటికీ వైపు తిరిగి, "తర్వాత పేరా" అనేవారు. ఆయన రాయించిన అర్జీలన్నిటిలో నిజం లేని చోటు అదొక్కటే. అది నా కోసం.

ఏడాది దాటాక రైఫిళ్లు తిరిగిచ్చారు. సైలెన్సరు ఉండొచ్చా లేదా, రేంజికి ఉత్తర్వు కావాలా అక్కర్లేదా అన్న ప్రశ్నలకు మాత్రం జవాబు రాలేదు. రానిది వచ్చినట్టు అనుకోవడం మాస్టారి చేత కాలేదు. షెడ్డు మళ్లీ తెరవలేదు. రైఫిళ్లు తీసుకుని రాజోలు వైపు ఒంటిగది ఇంటికి వెళ్లిపోయారు. నేను లెక్కలు గట్టెక్కి, డిగ్రీ చదివి, పోటీ పరీక్ష రాసి గుమాస్తా ఉద్యోగంలో చేరాను. పండక్కీ పబ్బానికీ వెళ్లి చూసొచ్చేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఆయన మాటలు తగ్గుతూ వచ్చాయి. ఒకసారి, "ఉద్యోగం వచ్చేసింది కదండీ, ఇప్పుడు చెప్పేస్తాను" అన్నాను.

"నా కోసమైతే వద్దు. నాకు అలవాటైపోయింది" అన్నారు.

ఆ మాటను అడ్డం పెట్టుకుని ఇంకో నాలుగేళ్లు ఊరుకున్నాను. రెండేళ్ల కిందట ఆయన పోయారు. సమాధి దగ్గర పాస్టరుగారు, ఇరుగుపొరుగువాళ్లు, నేను కలిపి పదిహేను మందిమి. నాతో నేర్చుకున్న ఏడుగురిలో ఒక్కరూ రాలేదు. అక్కడ ఇద్దరు ముసలివాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. "కొత్తపేటలో దొంగ తుపాకులు పెట్టేడంట కదా, పోలీసులొచ్చేరంట." ఆయన మీద మట్టి పడుతుండగా ఆయన గురించి మిగిలిన మాట అది.

మర్నాడు కొత్తపేట స్టేషనుకు వెళ్లాను. జరిగింది జరిగినట్టు రాసిన కాగితం రైటరుగారికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

"అప్పుడు కేసే కాలేదు కదమ్మా. ఆయనా లేరు. ఇదిప్పుడు ఎవరికండీ?"

"తీసుకుని, ముట్టినట్టు నా ప్రతి మీద ముద్ర వేసివ్వండి" అన్నాను.

ఆయన ముద్ర వేసిచ్చారు. నాకు శిక్షేమీ పడలేదు. ఎవరూ పిలిచి అడగలేదు కూడా. ముద్ర వేసిన కాగితం పట్టుకుని ఆ ముసలివాళ్లిద్దరి ఇళ్లకూ వెళ్లి చదివి వినిపించాను. ఒకాయన చెవులు వినపడక మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

ఇప్పటికీ రాజోలు వైపు పనిబడినప్పుడు ఎవరైనా మాస్టారి మాట ఎత్తితే, బస్సు వెళ్లిపోతున్నా సరే, ఆగి మొత్తం చెబుతాను. సైలెన్సరు బిగించింది నేను అన్న దగ్గర ప్రతిసారీ మాట సగంలో ఆపేస్తాను. అప్పుడు కాస్త ఊపిరి తీసుకుని, ఆ వాక్యం పూర్తిచేస్తాను.