పప్పుగుత్తి వైద్యం

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరులో 'నరం' అనే ఒక్క మాట చేసినంత చాకిరీ ఊళ్లో ఏ మనిషీ చేసేవాడు కాదు. రక్తం పారేదీ నరమే, పిక్క పట్టేదీ నరమే, నడుము బెణికితే తప్పుకునేదీ నరమే. ఇది తెలియక నేను బెంగుళూరులో కొత్తగా పెట్టిన న్యూరోసైన్సు, అంటే నాడీశాస్త్రం, డిగ్రీలో చేరాను (క్లాసులో ఏడుగురం, అందులో ఇద్దరు దారి తప్పి వచ్చినవాళ్లు). మొదటి ఏడాది కాగానే సెలవులకు ఇంటికొస్తే, మా అమ్మ అప్పటికే వీధి వీధికీ చెప్పేసింది: "మావోడు నరాలు చదువుతాండాడు."

మూడో రోజే పులివెందుల నుంచి మా మామ దిగాడు. మా ఇంట్లో దీపం స్విచ్చి వేయాలన్నా ఆయన మాట కావాలి. బస్సులో కునికిపాట్లు పడి, మెడ ఎడమకు బిగుసుకుపోయి వచ్చాడు. నిలబడింది తూర్పుకు, చూసేది ఉత్తరానికి. "ఏం రా అల్లుడా, మెడ నరం పట్టింది, చూడు" అన్నాడు గోడతో. "మామా, మాది మెదడు గురించి..." అన్నాను. "మెడ దాటే గదరా మెదడుకు పోయేది!" అన్నాడు. ప్రాక్టికల్సులో నాకు వచ్చిన విద్య ఒక్కటే: మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగురుతుంది. సుత్తి లేదు కాబట్టి వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చి, మామను ఎత్తు మంచం మీద కూర్చోబెట్టి కొట్టాను. కాలు లేచి, అప్పుడే అమ్మ తెస్తున్న టీ గ్లాసును తన్నింది. వేడి టీ ఆయన కుడి భుజం మీద పడింది. "సచ్చితినమ్మా!" అని మామ గిరుక్కున కుడికి తిరిగాడు. మెడ 'టక్' మంది. ఆ చప్పుడుకు ఎర్రగుంట్ల జంక్షన్లో గూడ్సు బండి ఆగిపోయిందంటే మీరు నమ్మాలి.

మెడ బాగుపడింది, నా చదువుకు పట్టుకుంది. "చెల్లే, అంతా నేర్చుకున్నాడు గదా, ఇంగా రెండేండ్లు యాల? పులివెందుల బస్టాండు పక్కన రూము చూస్తా. నరాల డాక్టరని బోర్డు రాయిస్తా" అన్నాడు మామ. అమ్మ సంతోషంగా తలూపింది. సోమవారం నేను ఎక్కాల్సిన బెంగుళూరు బస్సు కళ్ల ముందే వెళ్లిపోయినట్టయింది. నేనేం చెప్పినా "టీ పోసి నయం చేసినోనివి, నువ్వు మాట్లాడకు" అనేవాడు.

మర్నాడు పొద్దున్నే మామ నా మొదటి రోగిని వెంటబెట్టుకొచ్చాడు. జమ్మలమడుగు అయ్యవారు. మామకు అక్షరాలు దిద్దించిన మనిషి, ఈ భూమ్మీద మామ భయపడే ఏకైక మనిషి కూడా. "అబ్బీ, నెల నుంచి కుడిచేతి వేళ్లు మొద్దుబారతాండాయి. సంతకం పెడితే నాదేనా అని నాకే అనుమానం" అని నవ్వారు. ఆ చెయ్యి పట్టుకున్నాను. గుండుసూదితో తాకినా రెండు వేళ్లకు తెలియలేదు. పప్పుగుత్తి పక్కన పెట్టేశాను.

"నాకు తెల్దు సార్. పెద్దాసుపత్రికి పోండి, ఆలస్యం చేయొద్దు."

మామ ముఖం మాడిపోయింది. "ఏడాది చదివి తెల్దంటావా? ఇంగా రెండేండ్లు చదివితే తెలుస్తాదా?"

"అప్పుడు ఎందుకు తెల్దో తెలుస్తాది మామా."

అయ్యవారు పకపకా నవ్వారు. "ఒరే, వీన్ని బస్సెక్కించు. నా సర్వీసంతా వెతికినా తెల్దని ఒప్పుకున్నోడు ఒక్కడు దొరకలా. నువ్వయితే 'అ' రాకుండానే వచ్చని ఏడిస్తివి గదరా!" సోమవారం మామ తానే బస్టాండుకు వచ్చి, నాకోసం కిటికీ పక్క సీటులో తువ్వాలు వేశాడు.

అయ్యవారి చెయ్యి ఆసుపత్రిలో బాగైంది. నా డిగ్రీ కూడా ఎలాగో పూర్తయింది. ఇప్పుడు నాకు నడివయసు, బట్టతల, కాలేజీలో పాఠాలు. ఎవరేమడిగినా, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తాను. ఒక్కోసారి మధ్యలో ఆగి, గుండుసూది చేతిలో పట్టుకుని తెల్లమొహం వేసుకుని 'తెల్దు సార్' అన్న ఆ పిల్లవాడిని తలుచుకుంటాను. వాడు నాకంటే ఎంత బాగా చదువుకున్నాడో!