సెప్టెంబరు ఆఖరు దాకా

మేము ఈ ఐరిష్ ఊరు ఆడమ్స్‌టౌన్‌లో అద్దెకు దిగేనాటికే మాంద్యం దెబ్బకు క్రేన్లు ఆగిపోయాయి. సగం కట్టిన బ్లాకులు కిటికీలు లేకుండా అలాగే నిలబడి ఉండేవి. మనుషులకంటే ముందు బడి, రైల్వే స్టేషన్ కట్టి ఉంచిన ఊరది. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ఇక్కడ అలికిన ఇళ్లలోకి వచ్చేవాళ్లే కరువయ్యారు.

బడి గేటు మాత్రం నాకు రోజూ వింతే. పోలండ్ వాళ్లు, నైజీరియా వాళ్లు, మలయాళీ నర్సులు, ఐరిష్ తల్లులు, మేము. ఒకే తరగతిలో ఇన్ని దేశాల పిల్లలు ఎలా కుదురుకున్నారో! పనులు పోయాక గేటు దగ్గరికి తండ్రులు రావడం మొదలైంది. గోడలకు ప్లాస్టరింగ్ చేసేవాళ్లు, కరెంటు పనివాళ్లు అంతంత చేతుల్లో చిన్న గులాబీరంగు బ్యాగులు పట్టుకుని నిలబడేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లూ తగ్గారు. ఒకరు కెనడా, ఒకరు ఆస్ట్రేలియా.

మా పిల్ల ఇంట్లో ఇంగ్లిషులో గలగలా వాగేది, బడిలో పెదవి విప్పేది కాదు. ఏడాదంతా అంతే. వేసవి సెలవుల ముందు ఒక్క టీచరుతో మాత్రం మాట్లాడటం మొదలుపెట్టింది. బడిలో అందరికంటే ఆఖరున చేరింది ఆ టీచరే. సెప్టెంబరు ఆఖరు రోజున బడిలో ఎంతమంది పిల్లలుంటే దాన్నిబట్టే మరుసటి ఏడాదికి టీచర్లను ఇస్తారు. ఒకరిద్దరు తగ్గినా ముందు పోయేది ఆఖరున చేరినవాళ్లే.

"గా టీచర్ పోతే పిల్ల మళ్ల నోరు మూస్తది," అని మా ఆయన దిగులు. నేను ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. కనబడిన ప్రతి తల్లినీ "మీరు వెళ్లడం లేదు కదా?" అని పీడించేదాన్ని.

పక్కింటావిడ ఐరిష్. ప్లాస్టరింగ్ పనిచేసే భర్త ఆగస్టులోనే ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్లాడు. ఆవిడా, ఇద్దరు పిల్లలూ వెనకే వెళ్లాలి. సోఫా, మంచాలు, ఫ్రిజ్ అన్నీ అమ్మేశారు. తీరా సెప్టెంబరు సగమైనా కదల్లేదు. మొగుడూ పెళ్లాలకు పడటం లేదేమోనని నేను ఇంట్లో కూర్చుని కథ కూడా అల్లేశాను.

ఒక సాయంత్రం పులిహోర పట్టుకెళ్తే ఆ ముగ్గురూ ఖాళీ హాల్లో నేల మీద కూర్చుని టోస్టు తింటున్నారు. పాలు విరగకుండా కిటికీ అవతల గట్టు మీద పెట్టారు. "మా పద్ధతిలోకి వచ్చేశారే," అని వేళాకోళం చేశాను. ఆవిడ నవ్వింది. ఎందుకింత అవస్థ, వెళ్లిపోవచ్చు కదా అని అడిగేశాను.

"బడి లెక్క అయ్యేదాకా ఆగుదామనుకున్నాం. ఏం ఫరవాలేదు, అంతా గ్రాండ్," అంది, నాకూ ఒక టోస్టు ముక్క ఇస్తూ. "మా పిల్లలు ఎక్కడ పడేసినా అరుస్తారు. మీ పాప ఇప్పుడిప్పుడేగా మాట్లాడుతోంది."

మా పిల్ల సంగతి నేను ఆవిడకు చెప్పనైనా లేదు. ఆవిడ పిల్లలే బడిలో చూసి చెప్పారట. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "మనమైతే ఆగుతుంటిమా?" అన్నాడు.

సెప్టెంబరు ఆఖరు రోజు పొద్దున ఆవిడ పిల్లలిద్దరూ యూనిఫాం వేసుకుని, ఎప్పటిలాగే అరుచుకుంటూ బడికి వెళ్లారు. మర్నాడు ఆవిడ వాళ్లను తీసుకుని తండ్రి దగ్గరికి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది కూడా మా పిల్లకు ఆ టీచరే చదువు చెప్పింది.